మిల్లు గేటు ముక్క

బుర్రకథలో కథకుడికి ఎడమపక్క నిలబడే వంత జనాన్ని నవ్విస్తాడు. కుడిపక్క వంతది వేరే పని. కథను కాసేపు ఆపి, ఊళ్ళో ఇప్పుడు జరుగుతున్న సంగతులు ఎత్తి, ఇది న్యాయమా అని జనాన్ని అడగాలి. అందుకే ఆ వంతకు రాజకీయ వంత అని పేరు. అరుణకుమారి కుడిపక్క నిలబడేది. ఆడపిల్ల మెడకు గుమ్మెట తగిలించుకుని వాయిస్తూ వేదిక ఎక్కడమే అప్పట్లో వింత. ఎక్కి రాజకీయం మాట్లాడుతుందంటే, ఆ మాట నిజమో కాదో చూసి పోదామని చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

కథకుడు ఆమె మేనమామ దేవదానం. జమ్మలమడుగులో పంతులుగా చేసి, ఆ పని మానుకుని, పార్టీలో తిరుగుతుండేవాడు. హాస్యం చెప్పే హుమాయూన్‌ది కూడా జమ్మలమడుగే. బట్టలు కుట్టేవాడు. ఒక పాలెగాడి మీద తిరగబడిన రైతుల కథను మామ స్వయంగా రాసుకున్నాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాదిన్నర అయిందో లేదో మళ్ళీ ఎలెక్షన్లు వచ్చిపడటంతో ఆ ముగ్గురికీ ఒకచోట కుదురుగా కూర్చునే తీరిక లేకపోయింది.

వాళ్ళకొక పద్ధతి ఉండేది. ఏ ఊరికి పోయినా మధ్యాహ్నానికే చేరుకునేవాళ్ళు. మామ పార్టీ వాళ్ళ దగ్గర, హుమాయూన్ టీ అంగడి దగ్గర, అరుణకుమారి ఆడవాళ్ళు పని చేసుకునే చోట కూర్చునేవాళ్ళు. ఆ ఊరి బాధ ఏదో తెలుసుకుని, దాన్ని నాలుగు చరణాలుగా కట్టి, సాయంత్రం కథలో కలిపేవాళ్ళు. దాన్ని ముక్క అనేవాళ్ళు. కథ ఎంత బాగున్నా, ముక్క పలికితేనే జనం కదిలేది. మామ ఒక్కటే కట్టడి పెట్టాడు. ఊరి పేరు చెప్పొచ్చు గానీ మనిషి పేరు చెప్పకూడదు.

ఆ ముక్కలో హుమాయూన్ అడుగుతుండాలి, అరుణకుమారి జవాబు చెబుతుండాలి. అడిగిన మాట గాలిలో ఉండగానే జవాబు పడాలి. ఒక్క దెబ్బ ఆలస్యమైతే కథ కుంటుతుంది. మూడేళ్ళుగా ఆమె ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. అడిగితే జవాబు చెప్పడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

కథలు లేని రోజుల్లో ఆమె ప్రొద్దుటూరులో ఉండి, శనక్కాయల మిల్లులో కాయలేరే ఆడవాళ్ళకు చదువు చెప్పేది. పని వదిలాక కూలీల సంఘం ఆఫీసు వసారాలో ఆరుగురు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. అందులో ఖైరున్నీసా అందరికంటే చురుకు. కాయలు ఒలిచే మిషన్లో పడి ఆ పిల్ల ఎడమ చేతి చిటికెన వేలు రెండేండ్ల కిందట పోయింది. మిగిలిన నాలుగు వేళ్ళతో పలకను ఒడిలో అదిమిపట్టి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని రాసేది. గుణింతాలు నెలలో అయిపోయాయి. వత్తులు ఇంకో నెలలో.

ఒకరోజు అందరూ లేచిపోయినా ఆమె లేవలేదు. పలక మీద ఏదో రాసి, అరుణకుమారి ముందుకు జరిపింది.

'గేటు కాడ మేస్త్రి చెయ్యి పెడతాడు.'

వాచకంలో లేని మాటలు ఆ పిల్ల రాయడం అదే మొదలు. ఒక్క అక్షరం తప్పు లేదు. అది చూసి అరుణకుమారికి ముందు సంతోషమే కలిగింది. రాసిందేమిటో ఆ తర్వాత తలకెక్కింది. తర్వాత్తర్వాత ఆమె ఎన్నో సంగతులకు సిగ్గుపడింది గానీ, ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడు పడినంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మిల్లు వదిలేటప్పుడు ఆడవాళ్ళు గేటు దగ్గర వరుసగా నిలబడాలి. కాయలు దాచుకుపోవడం లేదని ఒడి విప్పి చూపించాలి. అందరూ చూపించేవాళ్ళు. కొందరి దగ్గర మేస్త్రి చూపుతో ఆగేవాడు కాదు.

"నోటితో చెప్పేకి రాలే అక్కా, అందుకే రాసినా," అంది ఖైరున్నీసా. "మా ఆయనకు కూడా చెప్పలేదు. యాడా అనొద్దు."

అని కొంగు తడిపి పలక తుడిచేసింది. అక్షరాలు పోయి, తడి ఆరి, పలక నల్లగా అయ్యేదాకా ఇద్దరూ దానివైపే చూస్తూ కూర్చున్నారు. అననని అరుణకుమారి మాట ఇచ్చింది.

ఇరవై రోజులకు పార్టీ వాళ్ళు ప్రొద్దుటూరులోనే కథ పెట్టించారు. సాయంత్రం, మిల్లు వదిలే వేళకు, గేటు ఎదురుగా ఉన్న బయలులో రెండు ఎద్దుల బండ్లు కలిపి వేదిక కట్టారు. ఆడకూలీలంతా ఇంటికి పోకుండా అక్కడే కూర్చున్నారు. రోడ్డు పక్క జట్కాలు ఆగాయి. అందులో ఖైరున్నీసా మొగుడు సర్దార్ జట్కా కూడా ఉంది.

కథ మధ్యలో ముక్క వచ్చింది. అరుణకుమారి గొంతెత్తింది.

"కాయలేరే చేతులమ్మా, కడుపు నిండని చేతులు
గేటు కాడ ఒడిని విప్పి చూపమన్న రాతలు!"

తందాన అన్నారు మామా హుమాయూనూ. హుమాయూన్ ఎప్పటిలాగే నడుం వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరమ్మా ఆ తల్లి? నిజంగా ఉండాదా, నువ్వు కట్టిన కతా?" అని అడిగాడు.

"చిటికెన వేలు మిషనుకిచ్చి, సిగ్గు గేటుకిచ్చిన చెల్లెలు నాయనా!"

దెబ్బ దెబ్బకు సరిగ్గా పడింది. బయలంతా ఒక్కసారి హోరెత్తింది. ఆ హోరులోనే తలలు తిరగడం అరుణకుమారి చూసింది. మిల్లులో చిటికెన వేలు లేనిది ఒక్కతే. మూడో వరుసలో ఖైరున్నీసా ఎడమ చేతిని మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. పక్కన కూర్చున్నవాళ్ళు బెత్తెడు ఎడంగా జరిగారు, కావాలని కాదు, చూడటానికి వీలుగా.

అక్కడితో ఆపి ఉండొచ్చు. అరుణకుమారి ఆపలేదు. ఇంకో రెండు చరణాలు చెప్పింది. జనం అలా ఉంటే గొంతు తనంతట తానే పైకి లేచింది.

దిగిన తర్వాత మామ ఆమెను పక్కకు పిలిచి, ఆ వేలు సంగతి ఎందుకు ఎత్తావని అడిగాడు. నోరు జారింది మామా అని చెప్పింది. మామ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, తంబురాకు గుడ్డ చుట్టుకోసాగాడు.

నోరు జారలేదు. ముందురోజు పొద్దున రోట్లో ఊరిమిండి పచ్చడి నూరుకుంటూ ఆమె ఆ మాట కట్టింది. మొదట 'చేతులరిగిన చెల్లెలు' అనుకుంది, చప్పగా ఉంది. తర్వాత 'కన్ను పోయిన చెల్లెలు' అనుకుంది, మిల్లుకూ కంటికీ పొత్తు కుదరలేదు. వేలు అనేసరికి ఒళ్ళు జలదరించింది. నాకే ఇట్లా ఉంటే జనం ఏమైపోతారో అనుకుంది. మామ కట్టడి ఆమెకు గుర్తుంది. పేరు చెప్పడం లేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అననని ఇచ్చిన మాట కూడా గుర్తుంది. దాన్ని మాత్రం రోటి దగ్గర తలుచుకోలేదు.

వారం తిరక్కుండా మిల్లువాళ్ళు మేస్త్రిని తీసేశారు. గేటు దగ్గర చూసేదానికి గులాబ్‌బీ అనే పెద్దామెను పెట్టారు. అంత పని ఏ అర్జీతోనూ కాలేదు. కాయలేరే ఆడవాళ్ళు సంఘం ఆఫీసుకు వచ్చి, నీ నోట్లో శక్కర పొయ్య అని అరుణకుమారి చేతుల్లో అరటిపండ్లు పెట్టి పోయారు. ఆ వచ్చినవాళ్ళలో ఖైరున్నీసా లేదు. చదువుకూ రాలేదు. మేస్త్రిని తీసేసిన ఐదో రోజున అరుణకుమారి ఆమె ఇంటికి పోయింది.

సర్దార్ గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే తలవంచుకుని పడదామని దారిపొడుగునా సిద్ధపడి వచ్చింది. అతను మంచం వాల్చి, "కూసో టీచరమ్మా," అన్నాడు.

తన భార్య పులివెందులలో వాళ్ళక్క మాబున్ని ఇంటికి పోయిందని, తాను పొమ్మనలేదని, ఆమే ఉండలేనందని చెప్పాడు. మేస్త్రిని తీసేయడం మంచిదే అన్నాడు. జట్కా ఎక్కేవాళ్ళు మాత్రం ఇప్పుడు గుర్రం కంటే ముందు తన మొహం చూస్తున్నారన్నాడు. చేతిలో గడ్డి అయిపోయినా అలాగే నిలబడి, చివరికి అసలు మాట అన్నాడు.

"నాకు చెప్పుకోలేక నీకు చెప్పుకునింది. నేనేం మొగోన్ని అని నాకు బాధ. నువ్వు దాన్ని పదిమందిలో పెడితివి. నిన్నేమన్నా అందామంటే, నువ్వు చేసింది మంచి పని అంటాండారు అందరూ."

ఆమె మంచం మీద కూర్చోకుండానే వచ్చేసింది.

ఆ ముక్క అప్పటికే ఊళ్ళు తిరుగుతోంది. కథ పెట్టించేవాళ్ళు ముందుగానే మిల్లు గేటు ముక్క ఉండాలని కబురు చేసేవాళ్ళు. రాజుపాలెంలో చెప్పింది. చిలమకూరులో చెప్పింది. ఒక ఊళ్ళో వేలు మాట తీసేసి 'చేతులరిగిన చెల్లెలు' అని చూసింది. జనం కదల్లేదు. హుమాయూన్ అర్థం కానట్టు ఆమెవైపు తిరిగి చూశాడు. మర్నాడు జమ్మలమడుగు సంతలో వేలు మళ్ళీ పెట్టింది. సంత సంతంతా తందాన అంది. ఆ రోజు ఇంటికి పోయాక అన్నం సయించలేదు. అయినా ఆ తర్వాతి ఊళ్ళోనూ వేలు తీయలేదు.

పులివెందులలో కథ అని తెలిసినప్పుడు, ఒళ్ళు బాగాలేదని ఇంటి దగ్గర ఉండిపోదామనుకుంది. ఉండిపోతే ఆ ముక్క హుమాయూన్ చెబుతాడు. ఖైరున్నీసా ఉన్న ఊళ్ళో అది వినపడకుండా చేయాలంటే తాను పోవాలి. ముందు ఆమెను చూసి, కాళ్ళు పట్టుకునైనా సరే, తప్పయిందని చెప్పాలి. బస్సులో ఎర్రగుంట్ల దాటిన దగ్గర్నుంచీ ఆ మాటలే కూడబలుక్కుంటూ కూర్చుంది.

మాబున్ని ఇల్లు అడిగి తెలుసుకుని, ఆ వీధిలోకి తిరిగేసరికి పాట వినపడింది. తన పాటే. వాకిట్లో చాపల మీద ఆరేడుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆకు మడవడం, తుంబాకు నింపడం, దారం చుట్టడం, అంతా ఆ పాట వరుసలోనే నడుస్తోంది. ఒకామె చరణం ఎత్తితే మిగిలినవాళ్ళు తందాన అంటున్నారు. ఖైరున్నీసా చివర కూర్చుంది. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. చేతికి కురుపు లేచిందని అక్కడివాళ్ళకు చెప్పుకుందట. ఆమె కూడా తల ఊపుతూ తందాన అంటోంది.

మున్నీ అనే పడుచు అరుణకుమారిని గుర్తుపట్టింది. జమ్మలమడుగు సంతలో ఈయమ్మను చూసినానని లేచి, చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. పాట ఆగింది. అందరూ నవ్వుతూ చుట్టూ జరిగారు. ఖైరున్నీసా చాటలోనుంచి తలెత్తలేదు. మాబున్ని చెల్లెల్ని ఒకసారి చూసి, దారం తెంపే పనిలో పడింది.

"అక్కా, నువ్వొస్తివి గాబట్టి మా పంచాయితీ తెగిపోతాది," అంది మున్నీ. "ఆ వేలు లేని ఆయమ్మ నిజంగా ఉండాదా? మా మాబున్ని లేదంటాది. నేను ఉందంటా. రేపటి బీడీలు నూరు పందెం పెట్టుకున్యాం."

అదే ప్రశ్న. ఎప్పటిలాగే జవాబు దానంతట అది ఆమె నోట్లోకి వచ్చింది.

"లేదమ్మా. పాట కోసరం నేనే కల్పించినా."

మున్నీ చాట కింద పెట్టింది. "ఓడిపోతి పో! రెండుమార్లు ఏడ్సినానే ఆయమ్మకు, నాకే ఎవురన్నా చెయ్యేసినట్ల. దొంగేడుపు ఏడిపిస్తివే మాతో." అందరూ పకపకా నవ్వారు. పాటలోళ్ళ మాట నమ్మితే ఇంతే మరి అని ఒకామె అంది. ఖైరున్నీసా కూడా నవ్వింది. నవ్వి, చాట పక్కన పెట్టి, నీళ్ళు తాగిపోదువుగానీ రా అక్కా అని అరుణకుమారిని పెరట్లోకి తీసుకుపోయింది.

అక్కడ చెంబు చేతికివ్వలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

"నేను లేనంటివే," అంది.

నీకోసమే అలా చెప్పానని అరుణకుమారి అంది. బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఆపొద్దు ఉండాదని చెప్పేటప్పుడు నన్నడగలే. ఈపొద్దు లేదని చెప్పేటప్పుడూ నన్నడగలే." ఖైరున్నీసా గొంతు పెంచలేదు. వాకిట్లోకి వినపడకూడదు. "ఈడికొచ్చి పద్దినాలు గాకముందే ఆ పాట వచ్చింది అక్కా. అందరూ తందాన అంటాంటే నేనొక్కదాన్నే నోరు మూసుకుంటే అనుమానం రాదా? అందుకే అంటాండా. నా కతకు నన్నే వంత పెడితివి."

అరుణకుమారి వంగి ఆమె కాళ్ళు తాకబోయింది. ఖైరున్నీసా పక్కకు తప్పుకుంది.

"ఆ మున్నీ ఏడ్సింది నాకోసరమే. దాన్నీ దొంగేడుపు చేస్తివి. అది జరిగింది. పలక మీద రాసింది నేను. కల్పించినానని చెప్పేకి నువ్వెవురు?"

సాయంత్రం ఆ ముక్క చెప్పనని అరుణకుమారి అంది. అన్న తర్వాత, ఆ పిల్ల మొహం చూసి, మళ్ళీ తానే తీర్పు చెప్పానని అర్థమైంది. ఈ సంగతిలో మొదటిసారి ప్రశ్న ఆమె అడిగింది.

"చెప్పనా, వద్దా? నువ్వు చెప్పు."

ఖైరున్నీసా చేతికి చుట్టిన గుడ్డ ముడి బిగించుకుంది. వాకిట్లో ఓడిన పందేనికి మున్నీని ఇంకా ఎగతాళి చేస్తున్నారు. "వద్దు," అంది చివరికి. "నేనున్న ఊళ్ళో వద్దు. లేని ఊళ్ళో కూడా వద్దు. చెప్పుకోవాలనిపిచ్చిన నాడు నేనే చెప్పుకుంటా." తప్పు కాస్తానని గానీ, మనసులో పెట్టుకోకని గానీ అనలేదు. చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చి, లోపలికి పోయింది. అరుణకుమారి ఆ నీళ్ళు తాగలేక, పారబోయలేక, చెంబును గోడ మీద పెట్టి వచ్చింది.

మామ పార్టీ ఆఫీసులో తంబురా శ్రుతి చేసుకుంటున్నాడు. ఆమె ఆయన ముందు నిలబడి, ఆ వేలు మాట నోరు జారింది కాదని, ముందురోజే కట్టుకున్నదని చెప్పింది.

"తెలుసమ్మాయ్," అన్నాడు మామ తల ఎత్తకుండానే. "యతి కలిసిన మాట ఎవురికీ నోరు జారదు."

"తెలిసీ మళ్ళీ అడగలేదా మామా?"

"మేస్త్రి పోయినాడు గదా అనుకున్యా. ఓట్లు పడతాయి గదా అనుకున్యా." తంబురా తీగ మీద వేలు అలాగే ఉండిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "హుమాయూన్‌కు చెప్పు, ఈపొద్దు ఆ ముక్క ఎత్తొద్దని."

చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. ఆమె మొహం చూసి సరేనన్నాడు.

పొద్దు వాలుతుండగా బజారులో కథ మొదలైంది. పార్టీ వాళ్ళు పరిచిన జంపఖానాలు నిండిపోయి, జనం అరుగుల మీదికి, బండ్ల మీదికి ఎక్కారు. పాలెగాడి కథ బాగా నడిచింది. మధ్యలో ముక్క రావలసిన చోటికి వచ్చేసరికి, హుమాయూన్ నడుం వంచలేదు, చెవి దగ్గర చెయ్యి పెట్టలేదు. పాలెగాడి వంటవాడి మీద ఏదో వేళాకోళం ఎత్తుకుని దాటేయబోయాడు.

జనం దాటనివ్వలేదు. మిల్లు గేటు ముక్క యాడ అని ఒక పెద్దాయన కేకేశాడు. దాని కోసరమే ఆరు మైళ్ళు నడిచొచ్చినాం అన్నారు ఇంకెవరో. చేతులు చరిచారు. అరుణకుమారి తల అడ్డంగా ఊపింది. పార్టీ కార్యకర్త వేదిక అంచుకు వచ్చి, చెప్పమ్మా, జనం అడుగుతున్నారు అన్నాడు. ఆమె గుమ్మెట మీద చేతులు ఆపేసి నిలబడింది. మూడేళ్ళలో అడిగితే జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

అప్పుడు ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒక గొంతు లేచింది. కాయలేరే చేతులమ్మా అని ఎత్తుకుంది. రెండో చరణానికి పది గొంతులయ్యాయి. మొగవాళ్ళ వైపు నుంచి ఎవడో హుమాయూన్ యాసను ఎగతాళిగా దింపుతూ, ఎవరమ్మా ఆ తల్లి అని అడిగాడు. బజారు మొత్తం ఒక్క నోటితో చిటికెన వేలు మిషనుకిచ్చి అంటూ జవాబు చెప్పింది. ఒక్క దెబ్బ కూడా ఆలస్యం కాలేదు. వాళ్ళకు ఆమె అక్కర్లేకపోయింది. గుమ్మెట లేకపోతే చేతులతో తాళం వేసుకున్నారు.

మామ తంబురా భుజం మీద నుంచి దించాడు. హుమాయూన్ నేల చూశాడు. అరుణకుమారి గుమ్మెట తాడు మెడలోంచి తీసి, దాన్ని వేదిక మీద పెట్టింది. కథ నడుస్తుండగా ఆ పని ఎవరూ చేయరు. ఎవరూ గమనించలేదు కూడా. ఆడవాళ్ళలో ఖైరున్నీసా ఉందో లేదో, ఉంటే ఆమె పెదవులు కదులుతున్నాయో లేదో చూడాలంటే తల ఎత్తాలి. ఆమె తల ఎత్తలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒకదాన్నొకటి పట్టుకుని, వాళ్ళు పాడటం అయ్యేదాకా అలాగే నిలబడింది.